పకోడీ కాగితంలో కిటికీ

2023 డిసెంబరు 5. మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటుతున్న రోజు. నేను తెనాలిలో మా అక్క వాళ్ళింట్లో ఉండిపోయాను. తెల్లవారుజామునే కరెంటు పోయింది. బళ్ళకు సెలవు. సెల్‌ఫోన్లలో మిగిలిన కాస్త ఛార్జింగునూ అవసరానికి దాచుకోవాలని మా అక్క కూతురు వాటన్నిటినీ బీరువాలో పెట్టి తాళం వేసేసింది. ఇంట్లో ఆరేళ్ళ మనవరాలు, నాలుగేళ్ళ మనవడు. పొద్దున తొమ్మిదయ్యేసరికి ఇద్దరూ సోఫా చుట్టూ ఎన్నో ప్రదక్షిణం చేస్తున్నారో లెక్క తప్పిపోయింది. వంటింట్లోంచి మా అక్క కేకేసింది: "ఒసేయ్, వీళ్ళని కాస్త ఒకచోట కూర్చోబెట్టవే తల్లీ!"

ముసురు పట్టిన రోజున ప్రతి ఇంట్లోనూ వినిపించే మాటే ఇది. పిల్లల్ని ముందు కూర్చోబెట్టాలి, తర్వాత ఆడించాలి అనుకుంటాం. అసలు చిక్కంతా అక్కడే మొదలవుతుంది. నాలుగేళ్ళ పిల్లవాడు పరుగెత్తడం అల్లరి కాదు, ఆకలి లాంటిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్ళలోపు పిల్లల గురించి కొన్ని సూచనలు విడుదల చేసింది. మూడు, నాలుగేళ్ళ పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదిలిస్తూ గడపాలి, అందులో ఒక గంటైనా ఒగర్చేలా ఆడాలి అని అందులో ఉంది. ఏడాది పిల్లలకు టీవీ, ఫోను తెర అసలే వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ళవాళ్ళకు రోజుకు గంట మించవద్దనీ కూడా ఉంది. మామూలు రోజుల్లో ఆ మూడు గంటలూ వీధిలోనో బళ్ళోనో మనకు తెలియకుండానే గడిచిపోతాయి. తుపాను రోజున ఆ మూడు గంటలకూ హాలే దిక్కు.

అందుకని టీపాయ్ గోడకు జరిపి, చాప చుట్టి మూలన పెట్టి, ఒప్పులకుప్ప తిప్పమన్నాను. అక్కాతమ్ముళ్ళు చేతులు పెనవేసి, పాదాలు దగ్గరికి చేర్చి, వెనక్కి వాలి గిర్రున తిరిగారు. ఆగిన వెంటనే పెద్దది గోడ పట్టుకుని "ఇల్లు తిరుగుతోంది చిన్నమ్మమ్మా" అంది. తమ్ముడి కళ్ళలోకి చూడమన్నాను. చూసి కెవ్వుమంది. వాడి నల్లగుడ్లు పక్కకు జరుగుతూ, మళ్ళీ టక్కున వెనక్కి వస్తూ గంతులేస్తున్నాయి.

మన చెవి లోపల, వినే భాగానికి ఆనుకుని, మూడు అర్ధవలయ నాళాలున్నాయి. మూడూ మూడు దిక్కులకు తిరిగి ఉంటాయి. వాటిలో ద్రవం ఉంటుంది. తల తిరగడం మొదలుపెట్టగానే నాళం తలతోపాటు కదులుతుంది కానీ ద్రవం కాస్త వెనకబడుతుంది. ఆ తేడాకు నాళంలోని సన్నని రోమాలు వంగి మెదడుకు కబురు పంపుతాయి. కొంతసేపు తిరిగాక ద్రవమూ అదే వేగాన్ని అందుకుంటుంది. అప్పుడు మనం ఠక్కున ఆగితే, కవ్వం ఆపినా కుండలో మజ్జిగ తిరుగుతూనే ఉన్నట్టు, ద్రవం తిరుగుతూనే ఉంటుంది. రోమాలు ఈసారి ఎదురువైపు వంగుతాయి. చెవి "తిరుగుతున్నాం" అంటుంది, అరికాళ్ళు "నిలబడే ఉన్నాం" అంటాయి, కళ్ళు చెవి మాటే నమ్మి గంతులేస్తాయి. ఈ మూడు సాక్ష్యాలనూ కలిపి ఒక తీర్పుకు రావడం మెదడు నేర్చుకోవలసిన పని. పిల్లలు గిర్రున తిరగడానికీ, ఊయలకూ, సోఫా మీంచి దూకడానికీ అంతగా ఎగబడటంలో ఆ నేర్చుకోవడం కూడా ఉంది.

అరగంట తిరిగి, దుప్పటి మీద ఒకరినొకరు లాక్కుని, అలిసిపోయి, ఇద్దరూ నేల మీద వెల్లకిలా పడుకున్నారు. అప్పుడు మొదలైంది అసలు ప్రశ్న. "ఇప్పుడేం చేద్దాం?"

ఈ ప్రశ్న వినగానే పెద్దవాళ్ళు తమను వినోదం అడుగుతున్నారనుకుంటారు. నేను అలా అనుకోను. ఎందుకో చెప్పడానికి ఒక పసిబిడ్డ కథ చెప్పాలి. 1960లలో కరొలిన్ రోవీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఇంట్లో కూర్చుని తన సిద్ధాంత వ్యాసం రాసుకోవాలి. పక్కనే రెండు నెలల కొడుకు ఏడుపు. ఉయ్యాల మీద చిలకలు వేలాడుతున్నాయి. ఆవిడ ఊపితే వాడు ఊరుకుంటాడు, చేయి తీస్తే మళ్ళీ రాగం. విసుగెత్తి వాడి కాలికి మెత్తని పట్టీ ఒకటి కట్టి, రెండో కొసను ఆ చిలకలకు తగిలించింది. వాడు కాలు ఆడిస్తే చిలకలు ఊగుతాయి. కాసేపటికే వాడికి సంగతి అర్థమైంది. కాలు తన్నడం, ఊగడం చూడటం, మళ్ళీ తన్నడం. ఏడుపు ఆగింది. అంత చిన్న బిడ్డలు ఇలా నేర్చుకోగలరని అప్పటి శాస్త్రలోకం అంత తేలిగ్గా నమ్మేది కాదు. 1969లో ఆవిడ దాన్ని పరిశోధనగా ప్రచురించింది. పసిపిల్లల జ్ఞాపకశక్తి గురించి ఈనాడు మనకు తెలిసినదానిలో చాలా భాగం ఆ పట్టీ ముక్క నుంచే వచ్చింది.

చిలకలు వాటంతటవి ఊగినా అందంగానే ఉంటాయి. కానీ బిడ్డను పట్టి ఉంచింది ఆ అందం కాదు, "నేను తంతే అవి ఊగాయి" అన్న ఎరుక. రెండు నెలల బిడ్డకైనా, ఆరేళ్ళ పిల్లకైనా కావలసింది కాలక్షేపం కాదు, తన చేతికి బదులు చెప్పే వస్తువు. టీవీలో బొమ్మలు పిల్లవాడు చూసినా ఆడతాయి, చూడకపోయినా ఆడతాయి. నీళ్ళు అలా కాదు. కాగితం అలా కాదు. పిండి ముద్ద అసలే కాదు.

పదకొండు గంటలకు మా అక్క ఉల్లిపాయ పకోడీలు వేసింది. పాత లాంగ్‌బుక్కులోంచి రాయని తెల్ల కాగితం చింపి పళ్ళెంలో పరిచి, దాని మీద పోసింది. (వార్తాపత్రికల కాగితంలో తినేవి పొట్లం కట్టొద్దనీ, సిరాలో సీసం లాంటివి ఉండొచ్చనీ ఆహార భద్రతా సంస్థ ఆ సెప్టెంబరులోనే మరోసారి హెచ్చరించింది. మా అక్క ఆ విషయంలో గట్టిది.) పకోడీలు క్షణాల్లో అయిపోయాయి. చిన్నవాడు నూనె మరకల కాగితం ఎత్తి కిటికీకి అడ్డం పట్టుకున్నాడు.

"చిన్నమ్మమ్మా! కాగితానికి కిటికీలొచ్చాయి!"

నిజమే. నూనె తగిలిన చోటల్లా కాగితం వెనకనుంచి ఆకాశం వెలుగు వస్తోంది. నూనె లేనిచోట తెల్లగా, మొద్దుగా ఉంది. నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను: "అదేంటంటేరా, కాగితంలో..." అప్పుడే పెద్దదాని మొహం చూశాను. క్లాసులో టీచరు చూస్తున్నప్పుడు పిల్లలు పెట్టే మొహం. కళ్ళు నా మీద ఉన్నాయి, కాగితం మీద లేవు. నోరు మూసుకున్నాను.

మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ బొనావిట్జ్ బృందం 2011లో ప్రచురించిన ప్రయోగం గుర్తొచ్చింది. బడిలో చేరే ముందు వయసు పిల్లలకు ఒక కొత్త బొమ్మ ఇచ్చారు. దానికి నాలుగు రహస్యాలు. ఒక గొట్టం లాగితే కీచుమంటుంది, మరోచోట దీపం వెలుగుతుంది, ఇంకోచోట పాట వస్తుంది, ఒక మూల అద్దం దాగి ఉంది. కొందరికి టీచరమ్మలా "ఇది ఇలా పనిచేస్తుంది చూడండి" అని కీచు గొట్టం లాగి చూపించారు. మరికొందరి ముందు పొరపాటున చేయి తగిలినట్టు లాగి "అరె!" అన్నారు. తర్వాత పిల్లల్ని బొమ్మతో వదిలేశారు. పాఠంగా చెప్పించుకున్న పిల్లలు ఎక్కువగా ఆ గొట్టాన్నే లాగుతూ ఉండిపోయారు, తొందరగా ఆట చాలించారు. "అరె!" విన్న పిల్లలు మిగతా రహస్యాలను వెతికి పట్టుకున్నారు. మొదటి గుంపు పిల్లలు తెలివి తక్కువవాళ్ళేమీ కాదు. తెలిసిన మనిషి ఒక్కటే చూపించిందంటే అందులో అదొక్కటే ఉందని లెక్క వేసుకున్నారు. ఎంతో సబబైన లెక్క అది. నేర్పడంలో ఉన్న ఈ ప్రమాదం తెలిశాక, పిల్లల ముందు నోరు విప్పే ప్రతిసారీ నాకు కాస్త భయంగానే ఉంటుంది.

కాబట్టి పిల్లలకు చెప్పనిది మీకు చెబుతాను. కాగితమంటే చెక్క గుజ్జులోని సన్నని నార పోగులు చిక్కుబడ్డ అట్ట. పోగుల మధ్య గాలి. పోగు దాదాపు పారదర్శకమే. కానీ వెలుగు గాలిలోంచి పోగులోకి, పోగులోంచి గాలిలోకి వెళ్ళే ప్రతిచోటా వంగుతుంది, కొంత వెనక్కి తిరుగుతుంది. వేలసార్లు అలా జరిగి వెలుగు అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. ఆ చెదరడమే తెలుపు. పటికబెల్లం పలుకు గాజులా ఉండి, దంచిన పొడి తెల్లగా అయిపోయేదీ ఇందుకే. వెలుగు ఎంత వంగుతుందో చెప్పే అంకెను వక్రీభవన గుణకం అంటారు. గాలికి అది 1, నార పోగుకు సుమారు 1.5, నూనెకు 1.47. నూనె పోగుల మధ్య గాలిని వెళ్ళగొట్టి తాను కూర్చుంటే, ఇక పోగుకూ దాని చుట్టూ ఉన్నదానికీ దాదాపు తేడా మిగలదు. వెలుగు పెద్దగా చెదరకుండా ఇవతలికి వచ్చేస్తుంది. నూనె కాగితాన్ని మరక చేయలేదు, నిజంగానే కిటికీ చేసింది. నాలుగేళ్ళ వాడి మాటే సరైన మాట.

వాళ్ళతో మాత్రం, "ఇంకేం పూస్తే కిటికీ వస్తుందో ఏమో" అని నాలో నేను అనుకున్నట్టు పైకి అన్నాను. అంతే. పావుగంటలో వంటింటి గట్టు ప్రయోగశాల అయిపోయింది. నెయ్యి, పాలు, కొబ్బరినూనె, పంచదార నీళ్ళు, ఉత్త నీళ్ళు. పెద్దది ప్రతి మరక పక్కనా పెన్సిల్‌తో పేరు రాసింది. నెయ్యి దగ్గర వత్తు మరిచిపోయింది. నేను దిద్దలేదు.

మధ్యాహ్నం ఒక పొరపాటు జరిగింది. ఆ రోజు మొత్తంలో నాకు అపురూపమైనది అదే.

దేవుడి గూట్లో కర్పూరం ఉంది. మందపాటి అట్ట ముక్కను పడవలా కత్తిరించి, వెనక చిన్న గాడి చేసి, అందులో కర్పూరం పలుకు ఇరికించి నీళ్ళలో వదిలితే పడవ దానంతటదే పరుగెడుతుంది. కర్పూరం నా చేతిలోనే ఉంచుకున్నాను. అది పిల్లల నోట్లోకి వెళ్తే మూర్ఛలు తెప్పించేంత విషం. ఇత్తడి తాంబాళాన్ని చింతపండుతో తోమి, సబ్బు జాడ లేకుండా నాలుగుసార్లు కడిగి, నీళ్ళు పోశాను. పడవ వదలగానే తాంబాళం అంతా గిరికీలు కొట్టింది. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. నీటి పైపొర బిగించిన గుడ్డలా అన్నివైపులకూ లాగుతూ ఉంటుంది. దాన్నే తలతన్యత అంటాం. కర్పూరం కరిగిన వైపు ఆ లాగుడు సడలుతుంది, ముందువైపు నీరు పడవను లాక్కుపోతుంది.

చిన్నవాడు ఆగలేక పడవను పట్టుకోబోయాడు. వేలు నీటికి తగిలింది. పడవ చచ్చినట్టు ఆగిపోయింది. వాడి మొహం వాడిపోయింది. "నేను ముట్టుకుంటే చచ్చిపోయింది" అని ఏడుపు లంకించుకున్నాడు. పెద్దది వాడి వేలు పట్టుకుని వాసన చూసింది. "పకోడీ" అంది.

ఆ ఒక్క మాటకు నా ఒళ్ళు జలదరించింది. 1890లో ఇంగ్లాండులో లార్డ్ రేలీ అనే భౌతిక శాస్త్రవేత్త చేసిన పని సరిగ్గా ఇదే. నీటి మీద కర్పూరం ఆట ఆగిపోవడానికి ఎంత నూనె కావాలో ఆయన కొలిచాడు. నూనె బరువు, నీటి వైశాల్యం తెలిస్తే పొర మందం లెక్క కట్టొచ్చు. మిల్లీమీటరులో సుమారు ఆరు లక్షల వంతు తేలింది. అణువులున్నాయా లేవా అని పండితులు వాదులాడుకునే కాలంలో, ఒక అణువు ఎంత ఉంటుందో కర్పూరమూ నూనె చుక్కా చెప్పబోయాయి.

ఆ పని గురించి జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ ఊళ్ళో ఆగ్నెస్ పాకెల్స్ అనే స్త్రీకి తెలిసింది. అప్పట్లో ఆడవాళ్ళకు అక్కడి విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం లేదు. జబ్బుపడిన తల్లిదండ్రులను చూసుకుంటూ ఇంట్లోనే ఉండిపోయింది. అంట్లు తోమే నీళ్ళ మీద జిడ్డు, సబ్బు ఎలా ప్రవర్తిస్తున్నాయో చూసి చూసి, రేకు తొట్టి ఒకటి తయారు చేసుకుని, పదేళ్ళపాటు నీటి పైపొరను కొలుస్తూ వచ్చింది. 1891 జనవరిలో రేలీకి ఉత్తరం రాసింది. ఆయన దాన్ని చదివి, అనువదింపజేసి, 'నేచర్' పత్రికకు పంపాడు. మార్చిలో అచ్చయింది. ఆవిడ తొట్టినే కాస్త మార్చి అమెరికా శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ వాడుకున్నాడు, 1932లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. వంటింటి పనిని చిన్నచూపు చూసేవాళ్ళందరికీ నేను ఆవిడ పేరు చెబుతూ ఉంటాను. అంట్లు మనమూ తోముతున్నాం, చూడటమే మానేశాం.

చిన్నవాడి ఏడుపు మాన్పించింది కూడా వాడి అక్క చెప్పిన ఆ "పకోడీ"నే. తప్పు తనది కాదు, నూనెది అని తెలిశాక వాడే చేతులు రుద్ది రుద్ది కడుక్కుని వచ్చి, "మళ్ళీ చెయ్యి" అన్నాడు. సబ్బు పెట్టి కడుక్కున్నాడు కాబట్టి పడవ మళ్ళీ చచ్చిపోయింది. అది వేరే కథ.

ముందురోజు సాయంత్రమే డాబా మీద ఇటుకల మధ్య మూడు గిన్నెలు పెట్టి ఉంచాం: నిటారుగా ఉండే స్టీలు డబ్బా, మూతి వెడల్పు అడుగు సన్నం ఉండే గ్లాసు, మెడ సన్నం పొట్ట లావు ఉండే చెంబు. గాలి కాస్త తగ్గిన సమయం చూసి మా అక్క అల్లుడు దించుకొచ్చాడు. పెద్దది స్కేలు ముంచి కొలిచింది. ఒకే వాన, మూడు లోతులు! గ్లాసులో అన్నిటికంటే ఎక్కువ, చెంబులో తక్కువ. నిటారు డబ్బా చెప్పేదే సరైన లెక్క, దాని వెడల్పు ఎంతైనా ఫరవాలేదు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్ళు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే వాతావరణ శాఖ దాన్ని భారీ వర్షం అంటుంది. పది మీటర్ల చొప్పున పొడవు, వెడల్పు ఉన్న డాబా మీద అంత వాన పడితే 6,450 లీటర్లు.

మూడింట్లోనూ "దేంట్లో ఎక్కువ నీళ్ళున్నాయి" అని చిన్నవాడిని అడిగితే, ఎత్తుగా కనిపించిన దాన్నే చూపించాడు. జెనీవాలో జాఁ పియాజే అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి ప్రశ్నలతోనే పేరు పొందాడు. వెడల్పు గ్లాసులోని నీటిని సన్నని గ్లాసులోకి పోస్తే నీరు పెరిగిందంటారు చిన్నపిల్లలు. ఏడేళ్ళు దాటాక గానీ ఈ పొరపాటు పోదన్నాడు. అయితే 1974లో మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ అనే ఇద్దరు స్కాట్లాండులో ఓ చిలిపి పని చేశారు. బిళ్ళల వరుసను పెద్దమనిషి జరిపి "ఇప్పుడు ఎందులో ఎక్కువ?" అని అడిగితే పిల్లలు తప్పు చెప్పారు. ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ "పొరపాటున" చెదరగొట్టినట్టు నటిస్తే మాత్రం అదే వయసు పిల్లల్లో చాలామంది సరిగ్గా చెప్పారు. పెద్దవాళ్ళు కావాలని ఒక పని చేసి, మళ్ళీ అదే ప్రశ్న అడుగుతున్నారంటే జవాబు మారాలి కాబోలు అనుకుంటారట పిల్లలు. వాళ్ళు నీళ్ళను చూడటం లేదు, మన మొహం చూస్తున్నారు. పొద్దున పెద్దదాని కళ్ళు నా మీద నిలిచింది ఇందుకే.

చీకటి పడుతుండగా చాక్‌పీసుతో హాల్లో ఒకే వరుసలో 1 నుంచి 10 వరకు గళ్ళు గీశాను. గవ్వలు వేసి, పడినన్ని గళ్ళు గెంతాలి. గెంతేటప్పుడు "ఒకటి, రెండు" అనకూడదు, ఆరులో ఉంటే "ఏడు, ఎనిమిది" అనాలి. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ 2008లో అమెరికాలోని పేదింటి చిన్నపిల్లలతో ఇలాంటి ఆటే బల్ల మీద ఆడించారు. రెండు వారాల్లో నాలుగుసార్లు, సారికి పావుగంట పైన. పిల్లలకు అంకెల పరిమాణం మీద పట్టు వచ్చింది, తొమ్మిది వారాల తర్వాత కూడా నిలిచింది. అంకెలకు బదులు రంగుల గళ్ళతో ఆడినవాళ్ళకు రాలేదు. వైకుంఠపాళి మంచి ఆటే, కానీ అందులో వరుస చివర మడక తిరిగినట్టు వెనక్కి తిరగాలి. నాలుగేళ్ళవాళ్ళు అక్కడే తికమకపడతారు. వాళ్ళకు తిన్నటి గీతే మేలు. గవ్వలూ చింతపిక్కలూ మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో మాత్రం వద్దు, గొంతులో అడ్డం పడతాయి.

రాత్రి ఎమర్జెన్సీ లైటు ముందు పకోడీ కాగితాన్ని పట్టుకుని కాసేపు ఆడారు. చేతి నీడ నల్లగా, నూనె మరక నీడ మాత్రం వెలుగుగా. అనంతపురం వైపు నిమ్మలకుంటలో చేసే తోలుబొమ్మలకు నీడలో కూడా రంగులుంటాయంటే, ఆ మేకతోలును వెలుగు దాటేంత పలచగా గీకి తయారు చేయడం వల్లనే. వాళ్ళ నిద్రకళ్ళకు అంత చెప్పలేదు.

మర్నాడు పొద్దున వాన తెరిపిచ్చింది. నేను కాఫీ తాగుతుంటే చిన్నవాడు పాచి మొహంతోనే వంటింట్లోంచి కాగితాలు పట్టుకొచ్చాడు. మొదట 'నెయి' మరక కిటికీకి అడ్డం పట్టాడు. కిటికీ ఉంది. కొబ్బరినూనెది ఉంది. పాల మరక పసుపుగా ముడుచుకుంది. అన్నిటికంటే చివర 'నీళ్ళు' అని రాసి ఉన్నది పట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. తెల్ల కాగితం, అంతే.

"నీళ్ళ కిటికీ నిన్న ఉంది కదా, ఎవరు మూసేశారు?"

"ఎవరు మూసుంటారంటావ్?" అన్నాను.

వాడు దండెం మీద ఆరేసిన తువ్వాలు వైపు చూశాడు. దగ్గరికెళ్ళి చేత్తో పట్టుకుని చూశాడు. ఇంకా తడిగానే ఉంది. కాగితాన్ని బుగ్గకు ఆనించుకున్నాడు. ఏమీ అనకుండా గ్లాసు కోసం వంటింట్లోకి పరుగెత్తాడు.